ఒక గృహము, ఒక కుటుంబము



మన గ్రామములనుండి అమెరికా దేశమునకు పోయి యుద్యోగములు చేయుచున్నవారి తలిదండ్రులు కొందఱు, అచ్చట ఆఱు మాసములుండి తిరిగివచ్చి, రచ్చబండకడ తఱచుగా ఒక మాట చెప్పుచుందురు. "ఇండ్లు మేడలవలె నున్నవి, వీథులు అద్దమువలె నున్నవి, కాని యెంత దూరము నడచినను ఒక్క అంగడి లేదు, చారెడు ఉప్పు కావలసినను కారెక్కవలసినదే" అని. వినువారు అది ఆ దేశపు ఆచారమని తలంతురు. నిజమునకు అది పురపాలక సంఘములు వ్రాసి పెట్టిన శాసనము. దానికి పుట్టిన యూరును, పుట్టిన సంవత్సరమును కలవు. ఆ శాసనము ఇండ్లకు హద్దులు నిర్ణయించుటతో మొదలై, తుదకు ఒక అవ్వ యింటికి వచ్చి "నీ మనుమడు నీ కుటుంబములోనివాడు కాడు" అనువఱకు పోయెను. ఆ చరిత్రమును నేడు మీకు విన్నవించెదను.

ఈ శాసనమునకు అచ్చట 'జోనింగ్' అని పేరు. తెనుగున మండలవిభాగమని చెప్పుకొనవచ్చును. సంఘమువారు పట్టణపు పటమును ముందిడుకొని, ఈ భాగమున నివాసగృహములు, ఈ భాగమున అంగళ్లు, ఈ భాగమున కర్మాగారములు ఉండవలయునని గీతలు గీయుదురు. ఆ గీతను మీఱి కట్టుట నేరము. ఈ భాగములన్నింటిలోను కట్టుదిట్టమైనది ఏకకుటుంబ నివాసమండలము. అందు ఒక్కొక్క స్థలమున ఒక్కటే యిల్లు, ఆ యింట ఒక్కటే కుటుంబము. రెండు వాటాలుగా కట్టి ఒకదానిని అద్దెకిచ్చుటకు వీలులేదు. ముందరి గదిలో కిరాణాకొట్టు పెట్టుటకు వీలులేదు. 2019లో ప్రకటింపబడిన లెక్కలనుబట్టి, నివాసములకు ఏర్పఱచిన భూమిలో లాస్ ఏంజెలిస్ నగరమున నూటికి 75 వంతులును, శాన్ హోసే నగరమున 94 వంతులును ఈ నియమమునకు లోబడి యుండెను. న్యూయార్కు నగరమున మాత్రము 15 వంతులే.

ఇట్టి కట్టుబాటుకు మూలమున న్యాయమైన కోరిక యొకటి లేకపోలేదు. ఇటుక ఆవపు పొగ యింటిలోనికి వచ్చుచుండగా ఎవ్వడు సుఖముగా నిద్రించును? లాస్ ఏంజెలిస్ నగరమున సరిగా ఈ వివాదమే వచ్చినది. ఒకడు 1902లో నగరము వెలుపల స్థలము కొని ఇటుకలు కాల్చుచుండెను. నగరము పెరిగి ఆ స్థలమును తనలో కలుపుకొనినది. చుట్టును ఇండ్లు లేచినవి. అంతట నగరసంఘమువారు అచ్చట ఆవము కాల్చరాదని శాసించిరి. ఇటుకల మట్టికిగాను తన భూమి 8,00,000 డాలర్లు చేయుననియు, మఱి దేనికైనను 60,000కు మించి చేయదనియు అతడు మొఱపెట్టుకొనెను. అయినను 1915లో ఆ దేశపు అత్యున్నత న్యాయస్థానము నగరము పక్షముననే తీర్పు చెప్పెను. పదిమంది ఊపిరికంటె ఒకని లాభము ఎక్కువ కాదని మన గ్రామపెద్దలును ఒప్పుకొందురు.

అయితే పొగను ఆపుటకు వచ్చిన అధికారము మనుష్యులను ఆపుటకు సులభముగా పనికివచ్చును. శాన్ ఫ్రాన్సిస్కో నగరమువారు 1880లో, కొయ్యయింట చాకిరేవు నడుపువారు అనుమతి పొందవలయునని శాసించిరి. అగ్నిభయము పేరు చెప్పిరి. దాదాపు 200 మంది చీనాదేశీయులు అనుమతి కోరగా ఒక్కనికిని ఈయలేదు. ఇతరులు 80 మంది కోరగా ఒక్కరికి తప్ప తక్కినవారందఱికి ఇచ్చిరి. అక్షరములలో నిష్పాక్షికముగా నుండియు ఆచరణలో పక్షపాతముతో నడచు చట్టము చట్టము కాదని 1886లో అత్యున్నత న్యాయస్థానము తీర్పు చెప్పినది.

తరువాత మఱికొందఱు ఆ ముసుగును కూడ విడిచిరి. 1910లో బాల్టిమోర్ నగరము, తెల్లవారు ఎక్కువగా నున్న వీథిలో నల్లవారును, నల్లవారు ఎక్కువగా నున్న వీథిలో తెల్లవారును కాపురముండరాదని శాసనము చేసెను. ఇతర నగరములును దానిననుసరించినవి. లూయీవిల్ నగరపు అట్టి శాసనమును 1917లో అత్యున్నత న్యాయస్థానము కొట్టివేసినది. స్థలము గలవాడు దానిని తనకిష్టమైనవారికి అమ్ముకొను హక్కును అది హరించుచున్నదని తీర్పు. ఇక జాతి పేరు చెప్పి గీత గీయుటకు వీలులేకపోయెను.

ఇంటి ఆకారమును బట్టి గీత గీయు పద్ధతి అప్పటికే పుట్టియుండెను. కాలిఫోర్నియా రాష్ట్రమున బర్క్‌లీ అను పట్టణము 1916లో ఏకకుటుంబ గృహములకు మాత్రమే ప్రత్యేక మండలమును ఏర్పఱచినది. దీనికై పాటుపడినవారిలో డంకన్ మెక్‌డఫీ అను స్థలవ్యాపారి ముఖ్యుడు. అతని సంస్థ అమ్మిన స్థలముల దస్తావేజులలో తెల్లవారు కానివారు అచ్చట కాపురముండరాదను షరతు వ్రాయబడియుండెను. దస్తావేజు జాతిని చూచుకొనెను. మండలశాసనము ధనమును చూచుకొనెను. పెద్ద స్థలము, దానిలో ఒక్క యిల్లు అన్నచో కూలివాడు అచ్చటికి రాగలడా?

ఈ పద్ధతికి దేశవ్యాప్తమైన బలము చేకూర్చినది యూక్లిడ్ అను గ్రామపు వ్యాజ్యెము. ఒహాయో రాష్ట్రమున క్లీవ్‌లండ్ నగరము ప్రక్కన నున్న ఆ గ్రామము 1922లో తన భూమినంతటిని ఆఱు తరగతులుగా విభజించెను. మొదటి తరగతి ఏకకుటుంబ గృహములది. ఆంబ్లర్ అను స్థలవ్యాపారసంస్థకు అచ్చట 68 ఎకరములుండెను. కర్మాగారములకైనచో ఎకరము 10,000 డాలర్లు పలుకుననియు, ఇండ్లకైనచో 2,500 మాత్రమే వచ్చుననియు వారు వ్యాజ్యెమాడిరి. 1924లో క్రింది న్యాయస్థానపు న్యాయాధిపతి వెస్టెన్‌హేవర్ ఆ శాసనమును కొట్టివేయుచు, దీని నిజమైన ఫలితము జనులను వారి రాబడినిబట్టి, స్థితిగతులనుబట్టి వేఱుచేయుటయే యని స్పష్టముగా వ్రాసెను. కాని 1926 నవంబరు 22వ తేదీన అత్యున్నత న్యాయస్థానము, ఆఱుగురు ఒక ప్రక్కను ముగ్గురు ఒక ప్రక్కను నిలువగా, గ్రామమును గెలిపించెను. తీర్పు వ్రాసిన సదర్లండ్ న్యాయమూర్తి, పంది దొడ్డిలో నుండవలయును గాని చావడిలో నుండరాదను భావమును చెప్పి, ఏకకుటుంబ గృహముల నడుమ లేచు పలువాటాల అద్దెమేడను పరాన్నజీవితో పోల్చెను. ఆ మేడలో కాపురముండువారు పందులు కారు, పరాన్నజీవులు కారు. సొంతయిల్లు కొనలేని కుటుంబములు. ఆ భేదము తీర్పులో మఱుగుపడినది.

ఆ కాలముననే వాణిజ్యమంత్రిగా నుండిన హెర్బర్ట్ హూవర్ ఆధ్వర్యమున 1924లో రాష్ట్రములకు ఒక మాదిరిశాసనము ప్రకటింపబడెను. తీర్పును, మాదిరియు రెండును చేతికి రాగా ఊరూరను ఈ పటములు వెలసినవి. ఆంబ్లర్ సంస్థ భూమిలో మాత్రము రెండవ ప్రపంచయుద్ధకాలమున కర్మాగారమే లేచినది! చట్టము నిలిచినది, ఏ భూమికై వ్యాజ్యెము నడచినదో ఆ భూమి తన దారిన తాను పోయినది.

దస్తావేజులలోని జాతిషరతులు అనేకస్థలములలో ఏషియావాసులను కూడ నిషేధించుచుండెను. వానిని న్యాయస్థానములు అమలు జరుపరాదని 1948లో తీర్పు వచ్చెను. 1968 నాటి చట్టము గృహముల అమ్మకమునను, అద్దెలోను జాతిభేదమును నిషేధించెను. 1965 నాటి వలసచట్టము తరువాత మన తెలుగువారు అధికసంఖ్యలో అచ్చటికి పోయి, ఆ వీథులలోనే ఇండ్లు కొనుక్కొనిరి. మఱి ఇరువదియేండ్లు ముందు పోయియుండినచో వారిలో అనేకులకు ఆ గడప దాటుట సాధ్యమయ్యెడిది కాదు.

పెద్దలారా, ఊరిలో ఎవ్వరు ఎచ్చట నుండవలయునను గీతలు మనకును క్రొత్త కావు. అస్పృశ్యులని పేరు పెట్టి కొందఱిని ఊరికి వెలిగా, చెఱువునకు దూరముగా నుంచిన కాలము మన చరిత్రలోనిదే. ఆ గీతలు ఏ పటముమీదను లేవు. అయినను తెలియనివాడు లేడు. 1950లో అమలునకు వచ్చిన మన రాజ్యాంగపు 17వ అధికరణము అస్పృశ్యతను నిషేధించినది. ఇంటి స్థలముల గీతలు మనస్సులనుండి చెఱగుటకు ఎంతకాలము పట్టునో మీకు నేను చెప్పనక్కఱలేదు.

ఇప్పుడు నేను మొదట చెప్పిన అవ్వ కథకు వచ్చుచున్నాను. ఒక యింట ఒకే కుటుంబము అన్నప్పుడు, కుటుంబమనగా ఎవ్వరను ప్రశ్న రాక తప్పదు. యూక్లిడ్ వలెనే క్లీవ్‌లండ్ ప్రక్కనున్న ఈస్ట్ క్లీవ్‌లండ్ పట్టణము దీనికి ఒక నిర్వచనము వ్రాసికొనెను. అచ్చట మూర్ అను నల్లజాతి వృద్ధురాలు ఒక కుమారునితోను, ఇద్దఱు మనుమలతోను కాపురముండెను. ఒక మనుమడు ఆ కుమారుని బిడ్డ. రెండవవాడు మఱియొక కుమారుని బిడ్డ. తల్లి చనిపోగా పసితనమున అవ్వ చేతికి వచ్చినవాడు. ఇద్దఱును ఒక్క కుమారుని బిడ్డలైయుండినచో శాసనము ఒప్పుకొనెడిది. ఇద్దఱు కుమారుల బిడ్డలు గనుక ఒప్పుకొనలేదు. 1973లో పట్టణాధికారులు ఆమెకు తాకీదు పంపిరి. పిల్లవానిని పంపివేయననగా, అయిదు దినముల చెఱసాలయు, 25 డాలర్ల జుల్మానాయు విధించిరి.

మన భాషలో అన్నదమ్ముల బిడ్డలు అన్నదమ్ములే. వారికి వేఱు పేరు పెట్టవలయునని మన పూర్వులకు తోచనేలేదు. ఆ పిల్లవాండ్రను ఇంగ్లీషువారు కజిన్లందురు. ఆ మాటను పట్టుకొని చట్టము వారిని ఒక కప్పుక్రిందనుండి విడదీయబోయెను. అవ్వ న్యాయస్థానముల మెట్లెక్కినది. 1977లో అయిదుగురు ఒక ప్రక్కను నలుగురు ఒక ప్రక్కను నిలువగా అత్యున్నత న్యాయస్థానము ఆమెకు విడుదల నిచ్చెను. పవెల్ న్యాయమూర్తి తన అభిప్రాయమున, తాతలు, అవ్వలు, పినతండ్రులు, మేనత్తలు కలిసి యొక్క యింట నుండు సంప్రదాయముకూడ ఆలుమగలు బిడ్డల కుటుంబమంత పూజ్యమైనదేనని తలంచెను. ఒక్క ఓటు ఇటునుండి అటు పోయినచో, అమ్మలేని మనుమని పెంచుట నేరమై నిలిచెడిది.

ఇటీవల ఆ దేశముననే ఈ శాసనము సడలుచున్నది. మినియాపోలిస్ నగరసంఘము 2018లో, నగరమంతట ఒక్కొక్క స్థలమున మూడు వాటాలవఱకు కట్టుకొనవచ్చునను ప్రణాళికను ఆమోదించెను. 2019లో ఆరిగన్ రాష్ట్రమును, 2021లో కాలిఫోర్నియా రాష్ట్రమును ఒక స్థలమున ఒకటికంటె ఎక్కువ వాటాలకు వీలు కల్పించు చట్టములు చేసినవి. ఈ పద్ధతి పుట్టిన బర్క్‌లీ పట్టణపు సంఘమే 2021లో దీనికి స్వస్తి చెప్పవలయునని తీర్మానించెను. ఇండ్ల వెలలు అందనంత ఎత్తునకు పోయి, ఉపాధ్యాయులును, దాదులును పనిచేయు ఊరిలో కాపురముండలేని స్థితి ఏర్పడుట దీనికి ముఖ్యకారణము.

మన పల్లెల అంచులను కూడ నేడు పొలములు ఇండ్లస్థలములుగా మాఱుచున్నవి. ప్రహరీగోడలు లేచుచున్నవి, నియమములు వ్రాయబడుచున్నవి. నియమములు వలదని నేననను. ఆవపు పొగను, మురుగునీటిని, దారి లేని కట్టడములను ఆపవలసినదే. కాని అట్టి కాగితము మీ ముందఱికి సంతకమునకు వచ్చిననాడు, ఇది ఆపుచున్నది పొగనా, మనిషినా అని మీరు అడిగి తెలిసికొనుడు. కాపలావానికి, పనిమనిషికి, వితంతువైన అక్కకు, తల్లిలేని మనుమనికి అందు చోటున్నదా యని చూచి, ఆ తరువాతనే వ్రేలు ముద్రయో, వ్రాలో వేయుడు.