పులి తానే దిగిన పటము

1902వ సంవత్సరము ఏప్రిల్ నెలలో, నిజాము రాజ్యములోని నెక్కొండ అడవికి వేటకు వచ్చిన వైస్రాయి కర్జను ప్రభువును, ఆయన సతీమణిని, వారి యెదుట నేలపై పడియున్న పెద్దపులిని రాజా దీన్ దయాళ్ తీసిన ఛాయాచిత్రమొకటి కలదు. ఆ పటమును చూచినప్పుడెల్ల నాకు తోచునదేమన, అందు మనుష్యులు కదలక నిలిచియున్నారు; పులి కదలలేక పడియున్నది. ఆనాటి కెమెరా అడవిమృగమునుండి కోరినదియు ఆ నిశ్చలతనే గనుక, తుపాకి పేలిన పిమ్మటగాని ఛాయాగ్రాహకుని వంతు వచ్చెడిది కాదు.

దోషము చిత్రకారునిది కాదు, సామగ్రిది. 1851లో వెలువడిన తడిపలక పద్ధతిలో గాజుపలకకు మందు పూసి, అది ఆఱకమునుపే చిత్రము తీసి, అక్కడికక్కడనే కడుగవలసియుండుటచే, అడవికి పోవువాడు కెమెరాతోపాటు చీకటి గుడారమును, మందుసీసాలను, వానిని మోయు కూలీలను వెంటబెట్టుకొని పోవలసివచ్చెడిది. అంత పరివారమును చూచియు నిలుచు మృగమేది? 1871లో మాడక్స్ అను ఆంగ్ల వైద్యుడు జెలటిను పూతగల పొడిపలకకు త్రోవ చూపుటతో గుడారపు బెడద క్రమముగా తీఱినదిగాని చెట్లనీడ బెడద తీఱలేదు. 1891 ప్రాంతమున, దూరపు వస్తువును దగ్గఱకు తెచ్చు టెలిఫోటో కటకములు ఇంగ్లండునను జర్మనీయందును ఇంచుమించు ఒకేసారి పుట్టినవి. అయినను, కటకపు కంత పెరుగక బొమ్మ మాత్రము రెండింతలైనచో, పలకపై పడు వెలుతురు నాల్గవవంతునకు దిగజాఱును. ఆ లోటు పూరించుటకై కంతను నాలుగింతలసేపు తెఱచియుంచితిమా, లేడి కాస్తా పొగమచ్చయై కూర్చుండును.

కటకము మృగమును దగ్గఱకు తేలేకపోయినచోట కెమెరాయే మృగము దగ్గఱకు పోవలసివచ్చెను. అమెరికాలో జార్జి షైరాస్ అను న్యాయవాది, ఒజిబ్వా జాతివారు పడవముందు దివిటీ పెట్టుకొని రాత్రివేళ లేళ్లను వేటాడు విధానమును నేర్చి, తుపాకికి మాఱుగా కెమెరాను, దానితోపాటు మెగ్నీషియపు మెఱుపుమందును పట్టుకొని మిషిగన్ సరస్సులపై తిరిగెను. 1906 జూలైలో నేషనల్ జియోగ్రాఫిక్ పత్రిక ఆయన చిత్రములు 74 ఒక్కసారిగా ముద్రించినది. ఇంగ్లండున కియర్టన్ సోదరులు తొక్కిన త్రోవ మఱింత విచిత్రమైనది: పక్షులు బెదరకుండుటకై వారు ఎద్దుతోలుతో బోలుబొమ్మ చేయించి, దాని కడుపులో కెమెరాతో దూఱి గడియలతరబడి కాచుకొనియుండిరి. కొనదగిన వస్తువుల పట్టికలో ఎద్దుతోలును చేర్చిన ఛాయాగ్రాహకులు వారికి ముందు ఉండిరని నేననుకొనను.

ఇక మన దేశపు కథ. సంయుక్త పరగణాలలో అటవీశాఖ ఉద్యోగియైన ఎఫ్. డబ్ల్యు. ఛాంపియన్, మొదటి ప్రపంచయుద్ధములో పాల్గొనివచ్చిన పిమ్మట చంపుటయందు విముఖుడై, బ్రతికిన పులిని దాని యింటిలోనే పటము తీయవలెనని పూనుకొనెను. పులి ముండ్లపొదలలో పడి పోవుటకన్న మెత్తని అడవిబాటలను, ఎండిన వాగులను నడచుట కిష్టపడునని ఎఱిగినవాడు గనుక, అట్టి బాటకు అడ్డముగా కంటికి కానరాని తీగ నొకటి కట్టి, దానిని కెమెరాకును మెఱుపుమందునకును తగిలించి తాను ఇంటికి పోయెడివాడు. చెప్పినంత సులభమైన పని కాదది. తీగ మఱీ క్రిందికున్నచో కుందేలు తగిలి పేల్చును. పైకున్నచో చిఱుతపులి క్రిందనుండి జాఱిపోవును. మంచుకు మందు చెమ్మగిల్లినచో అంటుకొనదు. పలకకు ఒక్కటే చిత్రము గనుక, సంజవేళ ఏ ముండ్లపందియో త్రొక్కిపోయినచో, నడిరేయి రాజఠీవితో వచ్చిన పులికి స్వాగతము పలుకుటకు అక్కడ ఉత్త పెట్టె మాత్రమే మిగులును. ఇన్ని విఘ్నములను దాటి వచ్చిన పటములు 1925 అక్టోబరులో ఇలస్ట్రేటెడ్ లండన్ న్యూస్ పత్రికలో వెలువడెను. 1927లో గ్రంథరూపము కూడ దాల్చెను. వానిలో పులి తన పటము తానే దిగినది. పటములను ప్రక్కప్రక్కన పెట్టి చూచి, ఒక పులి చారలు మఱొకదానికి ఉండవని, వానినిబట్టి దేనికది గుర్తింపవచ్చునని కూడ ఆయన గ్రహించెను.

ఆ పటములను చూచియే జిమ్ కార్బెట్ కెమెరా చేపట్టెను. ఆయనకు ఎదురైన చిక్కు వేఱు: చలనచిత్రపు కెమెరా గరగరలాడును, పులి చెవి సూక్ష్మము. అందుచే ఆయన అడవిలో ఒక సన్నని సెలయేటికి అడ్డుకట్టలు వేసి, చిన్నచిన్న జలపాతములు కల్పించి, ఆ నీటిసడిలో యంత్రపు సడిని కలిపివేసెను. ఏ దుకాణములోను దొరకని ఇట్టి పరికరములను తలచుకొన్నప్పుడు, నేటి యువకుడు అమ్మకపువానిని మొట్టమొదట “ఎన్ని మిల్లీమీటర్ల లెన్సు ఇది?” అని అడుగుట వినిన నాకు కొంచెము నవ్వు వచ్చుమాట నిజము.

తరువాతి చరిత్ర వడిగా నడచెను. 1925లో లైకా చేతిలో ఇముడు కెమెరాను, 36 చిత్రముల ఫిలుమును తెచ్చెను. కొలదికాలమునకే మెఱుపుమందు స్థానమును గాజుబుడ్డి ఆక్రమించెను. 1959లో వచ్చిన నైకాన్ ఎఫ్, కటకములోనుండియే చూచి పొడవైన కటకములను వాడుకొను పద్ధతిని వ్యాపింపజేసెను. అంగళ్లు నిండుచున్నను, మదరాసులో ఎం. కృష్ణన్ మాత్రము వేర్వేరు యంత్రముల భాగములను కూర్చుకొని తన కెమెరాను తానే అమర్చుకొనెను. దానికి ‘సూపర్ పాండరోసా’ అని పేరు! 1950నుండి 1996లో మరణించువఱకు స్టేట్స్‌మన్ పత్రికలో ప్రకృతిని గూర్చి వ్రాసిన ఆయన, నలుపు తెలుపులలోనే ఏనుగులను చూపెను.

ఛాంపియన్ తీగ నేడు కంటికి కానరాని పరారుణ కిరణమైనది. మృగపు ఒంటివేడి కదలినంతనే కెమెరా దానంతటదియే మేల్కొనును. 2018 పులుల లెక్కకై దేశమంతట 26,838 చోట్ల ఇట్టి కెమెరాలు నిలిపిరి; చిక్కిన పటములు 3 కోట్ల 48 లక్షలకు పైబడినవి, అందు పులులవి 76,651. నల్లమలలో కూడ బాటకు ఇరువైపుల మోకాలెత్తున రెండేసి కెమెరాలు చెట్లకు కట్టుదురు; పులికి కుడిప్రక్క చారలు ఎడమప్రక్క చారలవలె నుండవు. కట్టిన పిమ్మట, ఎత్తు సరిపోయినదో లేదో తెలియుటకై కావలివాడొకడు వాని నడుమ చేతులును మోకాళ్లును నేలకానించి ప్రాకిపోవును. కొన్నాళ్లకు ఆ పటములను తెఱచి చూచువారికి అన్నిటికంటె ముందు కనబడునది, పులి నడక నడచుచున్న ఆ మనుష్యుడే.