క్రెడిట్ కార్డు బకాయి: వడ్డీ లేని గడువు ముగియక ముందే ఏం చేయాలి?

ఇంట్లో నికాహ్ ఉంది. ఫర్నిచర్, బట్టలు అన్నీ కార్డు మీద తీసుకున్నారు. ‘‘వడ్డీ పడదులే, 50 రోజుల్లో కట్టేద్దాం’’ అనుకున్నారు. తీరా బిల్లు వచ్చేసరికి చేతిలో డబ్బు లేదు. ఇలాంటి పరిస్థితి చాలా కుటుంబాలకు తెలిసిందే. వడ్డీకి దూరంగా ఉండాలని నియమం పెట్టుకుని, ప్రతి నెలా పూర్తి బిల్లు కడుతూ వచ్చినవారు కూడా ఒక్క పెద్ద ఖర్చుతో చిక్కుల్లో పడతారు. డ్యూ డేట్ రాకముందే ఆ బకాయిని వేరే చోటికి మార్చుకునే వీలుంది. అయితే దాని లెక్క తెలియకుండా మారిస్తే అప్పు తగ్గదు, చోటు మాత్రమే మారుతుంది.

50 రోజులు అందరికీ రావు

వడ్డీ లేని గడువును కొన్న రోజును, బిల్లు తయారయ్యే తేదీని బట్టి లెక్కిస్తారు. ఒక కార్డుకు ప్రతి నెలా 5న బిల్లు తయారవుతుంది, 25న డ్యూ డేట్ ఉంది అనుకుందాం. మే 6న కొన్న వస్తువు జూన్ 5 బిల్లులో వస్తుంది. జూన్ 25 లోపు కట్టాలి, అంటే 50 రోజులు. అదే వస్తువును జూన్ 4న కొంటే, అదీ జూన్ 5 బిల్లులోనే వస్తుంది. అప్పుడు మిగిలేది 21 రోజులే.

ఏటీఎంలో కార్డు పెట్టి నగదు తీస్తే ఈ గడువు అస్సలు ఉండదు. తీసిన రోజు నుంచే వడ్డీ మొదలవుతుంది, ఫీజు అదనం. పోయిన నెల బిల్లులో కొంత బకాయి ఉన్నా ఈ సౌకర్యం పోతుంది. అప్పుడు కొత్తగా కొన్న పాల ప్యాకెట్‌కు కూడా ఆ రోజు నుంచే వడ్డీ పడుతుంది.

మినిమమ్ కడితే ఏమవుతుంది?

మే 6న కొన్నది రూ.60,000 అనుకుందాం. జూన్ 25న మినిమమ్ డ్యూ కింద రూ.3,000 కట్టారు. ఈ నెలకు గండం గడిచిందని అనుకుంటారు. కానీ మిగిలిన రూ.57,000 మీద జూన్ 25 నుంచి కాదు, మే 6 నుంచే వడ్డీ లెక్కిస్తారు. మన దగ్గర చాలా కార్డుల్లో వడ్డీ నెలకు 3.5 శాతం లేదా ఆ పైన ఉంటుంది, అంటే ఏడాదికి 42 శాతానికి తక్కువ కాదు. ఆ లెక్కన 50 రోజులకు సుమారు రూ.3,280 వడ్డీ, దానిపై 18 శాతం జీఎస్టీ రూ.590. కట్టిన మూడు వేల కంటే ఎక్కువే తిరిగి వచ్చి కూర్చుంది.

ఆ తర్వాతి నెలలూ అంతే. రూ.60,000 బకాయికి నెల వడ్డీ రూ.2,100, జీఎస్టీ రూ.378. మూడు వేలు కడితే అసలులో తగ్గేది రూ.522 మాత్రమే.

ఈ వడ్డీకి పైన కట్టుదిట్టమైన హద్దు కూడా లేదు. కార్డు వడ్డీ ఏడాదికి 30 శాతం దాటకూడదని జాతీయ వినియోగదారుల కమిషన్ 2008లో ఇచ్చిన ఉత్తర్వును సుప్రీంకోర్టు 2024 డిసెంబర్ 20న కొట్టేసింది.

బకాయి మార్చే మూడు దారులు

ఒక కార్డు బిల్లును ఇంకో కార్డుతో నేరుగా కట్టడం కుదరదు. మార్చుకోవాలంటే ఈ దారులున్నాయి.

1. బ్యాలెన్స్ ట్రాన్స్‌ఫర్: వేరే బ్యాంకు కార్డు ఉంటే, ఆ బ్యాంకు మీ పాత కార్డు బకాయి తీర్చి, ఆ మొత్తాన్ని తన కార్డులో రాసుకుంటుంది. కొన్ని ఆఫర్లలో 60 రోజుల వరకు వడ్డీ ఉండదు, ఒకసారి ప్రాసెసింగ్ ఫీజు తీసుకుంటారు. ఫీజు 2 శాతం అయితే రూ.60,000కి రూ.1,200, జీఎస్టీతో రూ.1,416. పాత కార్డులోనే ఉంచితే రెండు నెలలకు వడ్డీ, జీఎస్టీ కలిపి రూ.4,956. అంటే రూ.3,500 పైగా మిగులుతుంది. షరతు ఒక్కటే: ఆ 60 రోజుల్లో మొత్తం తీర్చాలి. మిగిలిన దానిపై కొత్త బ్యాంకు మామూలు వడ్డీ మొదలవుతుంది.

2. అదే కార్డులో ఈఎంఐ: బిల్లును వాయిదాలుగా మార్చమని బ్యాంకును అడగవచ్చు. ఏడాదికి 18 శాతం చొప్పున 12 నెలలకు అయితే నెలకు సుమారు రూ.5,500. మొత్తం వడ్డీ సుమారు రూ.6,010, దానిపై జీఎస్టీ మరో రూ.1,082.

3. పర్సనల్ లోన్: ఇదే వడ్డీ రేటుకు లోన్ తీసుకుని కార్డు బిల్లు కట్టేస్తే వడ్డీ మీద జీఎస్టీ ఉండదు. కార్డు వడ్డీకి మాత్రమే జీఎస్టీ వర్తిస్తుంది. అయితే లోన్‌కు ప్రాసెసింగ్ ఫీజు ఎంతో చూసి పోల్చుకోవాలి.

ఏది ఎంచుకోవాలన్నా ఒక ప్రశ్న ముందు వేసుకోవాలి: నెలకు నిజంగా ఎంత కట్టగలం? రెండు నెలల్లో రూ.60,000 వచ్చే అవకాశం లేనప్పుడు ‘సున్నా వడ్డీ’ ఆఫర్ చూసి మురిసిపోతే లాభం లేదు.

డ్యూ డేట్ రోజు కాదు, పది రోజుల ముందే

• డబ్బు సర్దుబాటు కాదని తెలిసిన రోజే కొత్త బ్యాంకుకు దరఖాస్తు పెట్టాలి. డబ్బు పాత కార్డుకు చేరడానికి కొన్ని పనిదినాలు పడుతుంది.
• అది చేరేదాకా పాత బిల్లు బాధ్యత మీదే. ఆలస్యమైతే కనీసం మినిమమ్ కట్టి లేట్ ఫీజు తప్పించుకోవాలి.
• ఫీజు ఎంత, గడువు ఏ తేదీన ముగుస్తుంది, ఆ తర్వాత వడ్డీ ఎంత, మధ్యలో కొత్తవి కొంటే వాటికి వడ్డీ పడుతుందా? ఈ నాలుగూ రాతపూర్వకంగా అడగాలి.
• బకాయి మారాక ఒక నెల పాత కార్డు బిల్లు కూడా చూడాలి. పాత వడ్డీ కొంత తర్వాతి బిల్లులో రావచ్చు.
• అప్పు తీరేదాకా రెండు కార్డులూ బీరువాలో ఉండటం మేలు.

రిజర్వ్ బ్యాంకు 2022 నిబంధనల ప్రకారం డ్యూ డేట్ దాటి మూడు రోజులకు మించితేనే లేట్ ఫీజు వేయాలి. దీన్ని వడ్డీ మాఫీ అనుకోవద్దు.

‘స్వైప్ చేసి కట్టేస్తాం’ అనేవారితో జాగ్రత్త

రెండు, మూడు శాతం కమీషన్ తీసుకుని బిల్లు కట్టేసి, వెంటనే అదే కార్డును తమ మెషీన్‌లో స్వైప్ చేసుకునే ఏజెంట్లు ఉంటారు. సరుకు కొన్నట్టు చూపించి డబ్బు తిప్పడం బ్యాంకు షరతులకు విరుద్ధం, కార్డు బ్లాక్ కావచ్చు. కార్డు, ఓటీపీ తెలియనివారి చేతిలో పెట్టడం అంతకన్నా ప్రమాదం. పైగా ఒక్క రూపాయి అప్పు తగ్గదు, నెల నెలా కమీషన్ మాత్రం పోతుంది.

వడ్డీ లేని దారి ముందు చూడండి

పైన చెప్పిన మూడు దారుల్లో ఎక్కడో ఒకచోట వడ్డీయో, ఫీజో ఉంది. ఫీజు విషయంలో సందేహం ఉన్నవారు నమ్మకమైన ఆలిమ్‌ను అడగడం మంచిది. అంతకంటే ముందు ఇంట్లోనే మాట్లాడాలి. మామూ దగ్గరో, ఫూఫీ దగ్గరో అడగడానికి మొహమాటపడి, బ్యాంకుకు 42 శాతం కడుతున్న ఇళ్లున్నాయి. దగ్గరివారి నుంచి ఖర్జె హసనా తీసుకుని డ్యూ డేట్‌లోపు కార్డు మూసేయడం అన్నిటికంటే చవక. వడ్డీ లేకుండా అప్పిచ్చే బైతుల్ మాల్ దగ్గర్లో ఉంటే వారినీ అడగవచ్చు. వాడని బంగారం ఉంటే అమ్మడం కూడా ఒక దారే.

సొంతవాళ్లే కదా అని నోటిమాటతో వదిలేయకండి. అప్పును రాసిపెట్టుకోమని సూరె బఖరా 282వ ఆయత్ చెబుతోంది. ఎంత, ఎప్పటికి, నెలకు ఎంత చొప్పున అన్నది కాగితం మీద ఉంటే బంధుత్వం కూడా నిలుస్తుంది.

అమెరికాలో ఉన్నవారికి

అక్కడ సున్నా వడ్డీ ఆఫర్లు సాధారణంగా 12 నుంచి 21 నెలలు ఉంటాయి, ఫీజు 3 నుంచి 5 శాతం. 60 రోజులకు మించి చెల్లింపు ఆగితే ఆఫర్ రద్దు కావచ్చు. కొన్ని స్టోర్ కార్డుల్లో గడువులోపు మొత్తం తీరకపోతే కొన్న రోజు నుంచి వడ్డీ వేస్తారు. చివరి నెల కాదు, రెండు నెలల ముందే చూసుకోవాలి.

బ్యాంకు వినకపోతే

బకాయి అంతా తీర్చి కార్డు మూసేయమంటే బ్యాంకు 7 పనిదినాల్లో మూయాలి, లేదంటే రోజుకు రూ.500 చెల్లించాలి. రికవరీ ఏజెంట్లు ఉదయం 8కి ముందు, రాత్రి 7 తర్వాత ఫోన్ చేయకూడదు. ఫిర్యాదు చేసి 30 రోజులైనా జవాబు రాకపోతే రిజర్వ్ బ్యాంకు అంబుడ్స్‌మన్‌ను ఆశ్రయించవచ్చు. వివరాలకు ఫోన్ నంబర్ 14448.

ఈ రోజే కార్డు బిల్లు తీసి రెండు తేదీలు చూసుకోండి: బిల్లు తయారయ్యే తేదీ, డ్యూ డేట్. వాటిని వంటింటి క్యాలెండర్ మీద రాసి ఉంచితే ఇంట్లో అందరికీ తెలుస్తుంది.