లేపాక్షి చిత్రమున విరూపణ్ణ కుల్లాయి

లేపాక్షి వీరభద్రాలయమున పైకప్పుపై నున్న విరూపణ్ణ, వీరణ్ణల చిత్రము భక్తచిత్రముగానే సాధారణముగా వర్ణింపబడుచున్నది. అది ఆస్థానచిత్రము కూడ నని మా యభిప్రాయము.

అచ్యుతదేవరాయల పాలనలో (1529-1542) విరూపణ్ణ విజయనగర రాజ్యాధికారి. చిత్రమున సోదరులిరువురు పరివారముతో కూడి ఇష్టదైవమును సేవించుచున్నారు. అర్ధమంటపము కప్పుపైని వీరభద్రుని మహారూపముతో పోల్చినచో వీరు అత్యల్పులు. అయినను శిరస్సున పొడవైన కుల్లాయిలు మాత్రము తీయలేదు. పైబట్ట సైతము నడుమునకు చుట్టుకొని దైవసన్నిధిని నిలుచు మన సీమలో ఇది ఆలోచింపదగిన విషయము.

కుల్లాయి పారసీక 'కులాహ్' నుండి వచ్చిన పదము. తిరుమలలో దేవేరులతో అంజలి ఘటించి నిలిచిన కృష్ణదేవరాయల లోహప్రతిమకును ఇట్టి కుల్లాయియే కలదు. 1520 ప్రాంతమున ఆ రాయలను కన్నులార చూచిన పోర్చుగీసు యాత్రికుడు పేయిస్, ఆయన జరీ టోపీ గలీషియా శిరస్త్రాణమును పోలియున్నదని వ్రాసినాడు. రాజునకు, అధికారికి ఒకే తీరు శిరోవేష్టనమైనపుడు అది కిరీటము కాజాలదు. కొలువునకు చెందినవాడను గుర్తు. ఈ వేషము ఇస్లామిక ప్రపంచపు రాజమర్యాద నుండి విజయనగరము బుద్ధిపూర్వకముగా గ్రహించినదని ఫిలిప్ వాగొనర్ 1996లో నిరూపింప యత్నించెను. మాకది సమ్మతమే.

దీనికి తెలుగు సాక్ష్యము మన గోదావరీ మండలపు కవి నుండియే లభించుచున్నది. శ్రీనాథునిదిగా ప్రసిద్ధమైన చాటువును అమలాపురము, కొత్తపేట పండితులకు మేము గుర్తు చేయనక్కరలేదు. కన్నడ రాజ్యలక్ష్మి దర్శనార్థము కుల్లాయి పెట్టుకొనవలసి వచ్చెనని కవి అందు మొరపెట్టుకొనినాడు. రాజమహేంద్రవరపు రెడ్ల కొలువెరిగిన వానికి ఆ టోపీ పరాయిది, బరువైనది. శతాబ్దము గడచునప్పటికి విరూపణ్ణకు అదియే గౌరవచిహ్నమైనది. దానిని అతడు దేవుని యెదుటకు సైతము ధరించి వచ్చినట్లు చిత్రకారుడు చూపినాడు.

ఇక కన్నుల కథ. రాజధనమును గుడికి వ్యయపరచినాడన్న నేరమునకు విరూపణ్ణ తన కన్నులను తానే పెరికికొనెనని, గోడపైని ఎఱ్ఱని మరకలు వానివేయనియు చెప్పుదురు. 'లేపాక్షి' పదమును దీనికి ముడివెట్టువారు కలరు. జటాయువును గూర్చిన 'లే పక్షీ' కథను చెప్పువారును కలరు. రెండు వ్యుత్పత్తులును ఊరి పేరునుండి పుట్టిన కథలుగానే తోచుచున్నవి. ఈ కథను మనసున నుంచుకొని చిత్రమును చూచువారికి అందు దీనుడైన దాత కనబడును. చిత్రమందలి విరూపణ్ణ మాత్రము కొలువుదుస్తులలో, పరివారము వెంటరాగా, తలయెత్తి నిలిచియున్నాడు.