తన వ్యాసమునకు తానే విమర్శకుడు

ఇతరుల కావ్యములను తూచుటలో ఆరితేరిన విమర్శకునకు సైతము తన తొలిరచనను తూచుట కష్టసాధ్యము. మమకారమొకవైపు, లజ్జ మరియొకవైపు లాగుచుండగా త్రాసు నిలువదు. విద్యార్థిదశలో చేపట్టిన సాహిత్యపరిశీలనమును నడివయస్సున తానే పరీక్షకు పెట్టి, ఆ పరీక్షను పాఠకుల యెదుటనే జరిపినవారిలో ఆంగ్ల విమర్శకుడు విలియం ఎంప్సన్ (1906–1984) ముఖ్యుడు.

కేంబ్రిడ్జిలోని మాడ్లిన్ కళాశాలలో ఎంప్సన్ మొదట చదివినది గణితశాస్త్రము. 1928లో ఆతడు ఆంగ్లసాహిత్యమునకు మారి, ఐ. ఏ. రిచర్డ్స్‌కు శిష్యుడయ్యెను. అంతకు ముందటి సంవత్సరమున లారా రైడింగ్, రాబర్ట్ గ్రేవ్స్ అను కవులిరువురు ఆధునిక కవిత్వమును గూర్చి ప్రకటించిన గ్రంథములో షేక్స్పియరు సానెట్‌నొకదానిని పదపదమును విప్పి, అందలి అర్థముల దొంతరలను చూపియుండిరి. ఏ పద్యమునైనను ఇట్లు విప్పవచ్చును గదా యని శిష్యుడనగా, అట్లయిన ఆ పని చేసి చూపుమని గురువు పురికొల్పెను. రెండు వారములలో సుమారు 30,000 పదముల వ్రాతప్రతితో శిష్యుడు తిరిగివచ్చెనని రిచర్డ్స్ తరువాతికాలమున జ్ఞప్తికి తెచ్చుకొనెను. అదియే పెరిగి 1930లో ‘సెవెన్ టైప్స్ ఆఫ్ ఆంబిగ్యుయిటీ’ అను గ్రంథమయ్యెను. అప్పటికి గ్రంథకర్తకు 24 ఏండ్లు.

కావ్యభాషయందలి అనేకార్థతను ఏడు తరగతులుగా విభజించి చూపుట ఆ గ్రంథవిషయము. శ్లేషకును ధ్వనికిని అలవాటుపడిన తెలుగు పాఠకునకు ఇది పూర్తిగా క్రొత్త లోకము కాదు. అయినను భేదము గలదు. పింగళి సూరన ‘రాఘవపాండవీయము’న రెండు కథలను బుద్ధిపూర్వకముగా ఒక్క కావ్యమున ఇమిడ్చెను. ఎంప్సన్ వెదకినది సామాన్యముగ కనబడు మాటల అడుగున దాగిన అర్థములను. ఒకదానితో నొకటి పెనగులాడు అర్థములను సైతము. ఇది సాహసమార్గము. కనుకనే తప్పటడుగులకు తావెక్కువ.

జపానులోను చైనాలోను బోధించి, యుద్ధకాలమున బి.బి.సి.లో పనిచేసిన పిదప, 1947లో ఎంప్సన్ ఆ గ్రంథమునకు రెండవ కూర్పు వెలువరించెను. నచ్చని భాగములను సద్దుచేయక తొలగించుటకు ఆతనికి అవకాశము లేకపోలేదు. ఆతడట్లు చేయలేదు. పాత అధోజ్ఞాపికలను మూలములో కలిపివేసి, క్రొత్త కూర్పులోని అధోజ్ఞాపికలన్నియు తన మలితలంపులేయని పీఠికలో తెలిపెను. వానిలో కొన్ని పైనున్న మూలమును ఖండించును. అల్పములని తోచిన కొన్ని విశ్లేషణలను, విసుగు పుట్టించు కొన్ని చమత్కారములను తీసివేసినను, విశ్లేషణ తీసిన తావులందు ఆ సంగతి దాదాపు ప్రతిసారియు తెలిపెను. తీరా చూడగా మార్పదగినది ఇంత స్వల్పమా యని ఆతనికే ఆశ్చర్యము కలిగెను.

ఆత్మవిమర్శకు మంచి ఉదాహరణము గ్రంథారంభమందలి నిర్వచనము. గద్యము సూటిగా చెప్పుదానికి ఏ అర్థచ్ఛాయ చేరినను అది అనేకార్థతయేయని తొలికూర్పు మతము. ఒకే మాటకు భిన్నస్పందనలు కలుగుటకు చోటిచ్చు అర్థచ్ఛాయ, అది ఎంత సూక్ష్మమైనను, అనేకార్థతయని 1947 నాటి సవరణ. పాత నిర్వచనమును అధోజ్ఞాపికలో నిలిపి, అది పారిభాషికపదమును అర్థహీనమగునంతగా సాగదీసినదని ఆతడే దోషము చూపెను. ‘క్రైటీరియన్’ పత్రికలో జేమ్స్ స్మిత్ చేసిన ఆక్షేపణలకును పీఠికలో విపులముగ బదులు చెప్పెను.

ఐనను ఈ పరీక్షలో ఒక చీకటి మూల మిగిలినది. తొలికూర్పు గ్రేవ్స్ ఒక్కని ఋణమునే పేర్కొనగా, రైడింగ్ పేరును చీటీగా అతికింపవలసివచ్చెను. రెండవకూర్పు పీఠికయు ఆ పద్ధతికి మూలపురుషుడుగ గ్రేవ్స్‌నే చెప్పినది. తన వాక్యములలోని లోపమును పట్టుకొనిన కన్నుకు తన ఋణపట్టికలోని లోపము కనబడలేదు. ఆత్మపరీక్ష ఎంత నిజమైనదైనను పరులసమీక్ష అవసరము తీరదనుటకు ఇదియొక నిదర్శనము.

వామనుడు తన కావ్యాలంకారసూత్రములకు తానే వృత్తి వ్రాసెను. అచ్చట వృత్తి సూత్రమును సమర్థించును. ఎంప్సన్ వ్రాసిన వృత్తి తన మూలముతోనే వాదమునకు దిగినది. పైన విద్యార్థి నిర్ణయము, క్రింద ప్రౌఢుని అభ్యంతరము, ఒకే పుటలో రెండును నిలిచియుండుటచే తీర్పు పాఠకుని చేతికి వచ్చినది. దోషమును చెరిపివేసిన రచన నిర్దుష్టముగ తోచవచ్చును గాని, ఆలోచన ఎట్లు ఎదిగినదో అందు తెలియదు.