ఎనిమిది సిలిండర్లు – ఒకే పోత

ఎనిమిది సిలిండర్ల మోటారుకారు 1932 నాటికి అమెరికాలో క్రొత్తది కాదు. కాడిలాక్ సంస్థ 1914లోనే అటువంటి కారును మార్కెట్టులో పెట్టింది. వెల 1975 డాలర్లు. సామాన్యునికి అందేది కాదు. ఆర్థికమాంద్యం ముమ్మరంగా ఉన్న 1932లో హెన్రీ ఫోర్డు ‘మోడల్ 18’ అనే వి-8 కారును విడుదలచేశాడు. అందులో చౌకరకం 460 డాలర్లే! ఇది ఎట్లా సాధ్యమయింది?

ముందుగా ఎనిమిదింటివల్ల లాభమేమిటో చూద్దాం. నాలుగు ఘాతాల ఇంజనులో క్రాంకుదండం రెండు చుట్లు తిరిగేలోగా ప్రతి సిలిండరూ ఒక్కసారే శక్తినిస్తుంది. సిలిండర్లు నాలుగయితే అరచుట్టుకు ఒకసారి, ఎనిమిదయితే పావుచుట్టుకు ఒకసారి త్రోపు లభిస్తుంది. కనుక నడకలో కుదుపు తగ్గుతుంది. పోటీదారయిన షెవ్రొలే 1929 నమూనాలో ఆరు సిలిండర్లు అమర్చింది. ఫోర్డు ఆరును దాటి ఏకంగా ఎనిమిదికే పోయాడు. నాలుగేసి చొప్పున రెండు వరుసలను 90 డిగ్రీల కోణంలో నిలిపితే ఇంజను పొడవు పెరగదు.

అసలు చిక్కు పోతశాలలో వచ్చింది. ఖరీదైన కార్లలో చాలావాటికి సిలిండర్ల వరుసలను వేరుగా పోతపోసి, క్రాంకుపెట్టెకు మరలతో బిగించేవారు. అది ఖర్చుతో, శ్రమతో కూడిన పని. మొత్తాన్ని ఒకే ఇనుపదిమ్మగా పోయాలని ఫోర్డు పట్టుబట్టాడు. అటువంటి దిమ్మలు అంతకుముందు లేకపోలేదు. కాని చౌకకారుకోసం వాటిని లక్షలసంఖ్యలో పోయడం వేరే సంగతి. సిలిండర్లకూ, నీటిదారులకూ కావలసిన ఖాళీలకోసం అచ్చులో ఇసుకముద్దలు నిలుపుతారు. కరిగిన ఇనుము పోసేటప్పుడు వాటిలో ఏ ఒక్కటి జరిగినా గోడ ఒకవైపు పలచబడుతుంది, దిమ్మ పనికిరాదు. మొదట్లో ఎన్నో దిమ్మలు ఇట్లా వృథా అయినవి. ఉత్పత్తి బాధ్యత వహించిన చార్లెస్ సోరెన్సన్, పోతపనివారు పట్టువిడువక ఆ పద్ధతిని దారికి తెచ్చారు. ఈ కారు కీర్తిలో పెద్దవాటా న్యాయంగా వారికే చెందాలి.

ఇంజను పరిమాణం 3.6 లీటర్లు, సామర్థ్యం 65 అశ్వశక్తి. అయితే ఒక లోపం దానితోపాటే పుట్టింది. కవాటాలు దిమ్మలోనే, రెండు వరుసలకు నడిమివైపున ఉండేవి. కాలిన వాయువులు బయటికి పోవాలంటే నీటితో చల్లబడే ఆ దిమ్మలోనుంచే అడ్డంగా సాగాలి. ఆ వేడినంతా నీరు గ్రహించవలసివచ్చేది. అందువల్ల ఇంజను వేడెక్కుతుందని ఫిర్యాదులు వచ్చేవి. తరువాత ఎన్నో సవరణలు జరిగినా ఆ దారిమాత్రం మారలేదు. అమెరికాలోని ఫోర్డు కార్లలో ఈ ఇంజను 1953 వరకు సాగింది. 1954లో కవాటాలు సిలిండర్ల పైభాగానికి మారిన క్రొత్త వి-8 దాని స్థానంలోకి వచ్చింది.