పెట్రోలు, ఆక్టేన్ – కొంత చరిత్ర



బంకులో పెట్రోలు ధర చూస్తాము గాని, దాని ఆక్టేన్ సంఖ్య ఎంత అని అడగము. ఆ సంఖ్య వెనుక నూరేళ్ళ చరిత్ర ఉన్నది.

ఇంజనులో పెట్రోలు, గాలి కలిసిన మిశ్రమం ప్లగ్గు నిప్పురవ్వతో క్రమంగా మండాలి. మంట చేరకముందే కొంత భాగం తనంత తానే అంటుకుంటే టకటకమని చప్పుడు వస్తుంది, ఇంజను దెబ్బతింటుంది. గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ ఒకే మహబూబ్‌నగర్ జిల్లాలో ఉన్న రోజుల్లో ఆ మూడుచోట్లా నేను గుమాస్తాగా పనిచేశాను. శ్రీశైలం దారిలో నల్లమల ఎత్తు ఎక్కేటప్పుడు ఆఫీసు జీపు అలాగే కొట్టుకునేది. డ్రైవర్లు 'నాకింగ్' అనేవారు. దాన్ని తట్టుకునే శక్తికి కొలత ఆక్టేన్. ఐసో ఆక్టేన్‌కు 100, హెప్టేన్‌కు సున్న అని లెక్క.

ముడి చమురును కాచి వేరుచేయగా వచ్చే పెట్రోలుకు ఈ శక్తి తక్కువ. 1921లో అమెరికాలో థామస్ మిడ్‌గ్లీ సీసపు ద్రవం కలిపి దాన్ని పెంచాడు. చవకైన ఉపాయమే గాని విషం. 1924లో దాన్ని తయారుచేసే కార్మికులు కొందరు మరణించారు. అయినా దశాబ్దాల తరబడి ఆ సీసం పొగలో కలిసి పిల్లల రక్తంలోకి చేరింది.

రెండవ మార్గం శుద్ధి కర్మాగారానిది. 1930లలో హూడ్రీ బరువైన నూనెను ఉత్ప్రేరకంతో విరగగొట్టే పద్ధతి తెచ్చాడు. 1949 నాటికి హేన్సెల్ పద్ధతి వచ్చింది. దానిలో నాఫ్తాను సుమారు 500 డిగ్రీల వేడిలో ప్లాటినం మీదుగా పంపితే, పొడుగు గొలుసుల అణువులు వలయాలుగా, కొమ్మలుగా మారి ఆక్టేన్ పెరుగుతుంది. దీనినే రిఫార్మింగ్ అంటారు.

మన విశాఖపట్నం రిఫైనరీని 1957లో కాల్టెక్స్ కంపెనీ ఏడాదికి 6.75 లక్షల టన్నుల సామర్థ్యంతో ప్రారంభించింది. 1978లో అది హిందుస్థాన్ పెట్రోలియంలో కలిసింది. 2000 ఫిబ్రవరి 1 నుండి దేశమంతటా సీసం పెట్రోలు ఆగిపోయింది. సీసం చేసిన పనిని అప్పటినుండి రిఫైనరీలే ఇటువంటి పద్ధతులతో చేయవలసివచ్చింది.

ఇప్పుడు మూడవ మార్గం ఇథనాల్. దాని ఆక్టేన్ 108 దాకా ఉంటుంది. 2025 నాటికి మన పెట్రోలులో దాని పాలు 20 శాతానికి చేరింది. దిగుమతి ఖర్చు తగ్గుతుంది, చెరకు, మొక్కజొన్న రైతుకు గిరాకీ వస్తుంది. అయితే అదే సంవత్సరం జూన్‌లో గద్వాల జిల్లా రాజోలి మండలం పెద్దధన్వాడలో, నీరు, గాలి, పొలాలు పాడవుతాయని రైతులు ఇథనాల్ ఫ్యాక్టరీని వ్యతిరేకించి ఆందోళన చేశారు.

జమ రాసిన చోట ఖర్చు కూడా రాయాలని మన సర్వీసంతా నేర్చుకున్నాము. సీసం విషయంలో ఆ ఖర్చు రాయడానికి లోకానికి చాలా ఏళ్ళు పట్టింది. ఇథనాల్ విషయంలో నీటి లెక్క, గాలి లెక్క ముందుగానే ప్రజల ముందు పెట్టాలని, ఇంజనీరింగ్ చదువుతున్న మన మనవలు, మనవరాండ్రు ఈ సంగతులు తెలుసుకోవాలని నా మనవి.