షెల్ స్క్రిప్ట్ రన్ చేస్తే ఎర్రర్ వస్తోందా? ఎవరినైనా అడిగే ముందు ఇవి చెక్ చేసుకోండి!

మూడు సంఖ్యల్లో పెద్దది ఏది? ఫ్యాక్టోరియల్ ఎంత? ఇచ్చిన పదం పాలిండ్రోమా, కాదా? లైనక్స్ ల్యాబ్‌లో మొదట ఇచ్చే షెల్ స్క్రిప్టింగ్ ఎక్సర్‌సైజులు దాదాపు ఇలాగే ఉంటాయి. చూడ్డానికి చిన్నవే.. కానీ రన్ చేయగానే ఎర్రర్! వెంటనే ఫ్రెండ్ దగ్గర కాపీ కొట్టడమో, ఏఐ టూల్‌ని అడిగి దించేయడమో చేస్తుంటారు. రికార్డు పూర్తవుతుంది కానీ, ల్యాబ్ ఎగ్జామ్ రోజు సిస్టమ్ ముందు ఒక్కరే కూర్చోవాలి. అందుకే సాయం తీసుకోవడానికీ ఓ పద్ధతి ఉంది. అదేంటో చూద్దాం..

షెల్ అంటే ఏంటి?

యూనిక్స్ 1969లో అమెరికాలోని బెల్ ల్యాబ్స్‌లో మొదలైంది. కెన్ థాంప్సన్, డెనిస్ రిచీ దీనికి ఆద్యులు. యూజర్ టైప్ చేసిన కమాండ్ చదివి, సిస్టమ్‌తో పని చేయించేదే షెల్. ఇప్పుడు లైనక్స్‌లో ఎక్కువగా కనిపించే 'బాష్' షెల్‌ను బ్రయాన్ ఫాక్స్ రాయగా, 1989లో విడుదలైంది. విడివిడిగా టైప్ చేసే కమాండ్లనే ఒక ఫైల్‌లో వరుసగా రాస్తే అదే స్క్రిప్ట్.

ఎక్కువ మంది చేసే తప్పులు ఇవే..

* ఈక్వల్ గుర్తుకు అటూ ఇటూ ఖాళీ: సీ, పైథాన్‌లలో ఖాళీ ఉన్నా ఇబ్బంది లేదు. షెల్‌లో అలా కాదు. లైన్‌లో మొదటి పదాన్ని అది కమాండ్ అనుకుంటుంది. వేరియబుల్ పేరు తర్వాత ఖాళీ వదిలితే 'కమాండ్ నాట్ ఫౌండ్' అని వస్తుంది.

* స్క్వేర్ బ్రాకెట్ దగ్గర ఖాళీ లేకపోవడం: ఇక్కడ సమస్య రివర్స్. కండిషన్‌లో వాడే స్క్వేర్ బ్రాకెట్ కూడా షెల్ దృష్టిలో ఒక కమాండే. అందుకే దాని తర్వాత ఖాళీ ఉండాలి. మూసే బ్రాకెట్‌కు ముందు కూడా ఉండాలి.

* 'పర్మిషన్ డినైడ్': ఫైల్‌కు రన్ అయ్యే అనుమతి ఇవ్వలేదని అర్థం. 'సీహెచ్‌మాడ్' కమాండ్‌తో ఇవ్వొచ్చు.

* విండోస్ నోట్‌ప్యాడ్‌లో రాసిన ఫైల్: విండోస్ ప్రతి లైన్ చివర కంటికి కనిపించని ఒక అక్షరం అదనంగా పెడుతుంది. కోడ్ కరెక్ట్‌గానే ఉన్నా 'బ్యాడ్ ఇంటర్‌ప్రెటర్' అని రావడానికి ఇదో కారణం. 'డాస్‌టుయూనిక్స్' టూల్‌తో సరిచేసుకోవచ్చు.

ఇంటర్నెట్ లేకున్నా సాయం

'మ్యాన్' అని టైప్ చేసి పక్కన కమాండ్ పేరు ఇస్తే దాని వివరాలన్నీ వస్తాయి. బాష్‌లోనే ఉన్న కమాండ్లకైతే 'హెల్ప్' వాడాలి. స్క్రిప్ట్‌ను 'బాష్ -ఎన్'తో ఇస్తే రన్ చేయకుండానే సింటాక్స్ తప్పులు చెబుతుంది. 'బాష్ -ఎక్స్'తో ఇస్తే ఏ కమాండ్ నడుస్తోందో, వేరియబుల్‌లో ఏ విలువ ఉందో వరుసగా స్క్రీన్ మీద కనిపిస్తుంది. తప్పు ఎక్కడుందో పట్టుకోవడానికి ఇంతకంటే మంచి దారి లేదు. నెట్ ఉంటే 'షెల్‌చెక్' అనే ఉచిత టూల్‌లో కోడ్ పేస్ట్ చేయొచ్చు. ఏ లైన్‌లో ఏం తేడా ఉందో, ఎందుకో కూడా చెబుతుంది.

అయినా తేలకపోతే ఎలా అడగాలి?

'సార్, నా ప్రోగ్రామ్ రావట్లేదు' అంటే ఎవరూ ఏమీ చెప్పలేరు. ఏ ఇన్‌పుట్ ఇచ్చారు, ఏ జవాబు రావాలి, ఏం వచ్చింది.. ఈ మూడూ చెప్పాలి. ఎర్రర్ మెసేజ్‌ను ఉన్నదున్నట్టు చూపించాలి. ఉదాహరణకు, 'ఫ్యాక్టోరియల్ 20 వరకు కరెక్ట్‌గా వస్తోంది, 21 ఇస్తే మైనస్ సంఖ్య వస్తోంది' అంటే జవాబు వెంటనే దొరుకుతుంది. బాష్ 64 బిట్ల సంఖ్యల వరకే లెక్కిస్తుంది. 21 ఫ్యాక్టోరియల్ ఆ పరిమితి దాటిపోతుంది. అంటే లాజిక్‌లో తప్పే లేదన్నమాట! ఏఐ టూల్‌ను అడిగినా ఇదే పద్ధతి. మొత్తం కోడ్ కాకుండా, తప్పు ఎక్కడుందో హింట్ అడగడం మేలు.

అర్థం కాని కోడ్ రన్ చేస్తే అంతే!

2015 జనవరిలో గేమింగ్ ప్లాట్‌ఫామ్ 'స్టీమ్' లైనక్స్ వెర్షన్‌లో ఓ బగ్ బయటపడింది. స్టీమ్ ఫోల్డర్‌ను వేరే చోటికి మార్చిన ఓ యూజర్ ఫైళ్లన్నీ డిలీట్ అయిపోయాయి. కారణం షెల్ స్క్రిప్ట్‌లోని ఒక్క లైన్. ఫోల్డర్ పేరు ఉండాల్సిన వేరియబుల్ ఖాళీగా మిగిలింది. దాంతో ఆ ఫోల్డర్‌లో ఉన్నవి తీసేయాల్సిన 'ఆర్ఎం' కమాండ్, సిస్టమ్ మొదటి ఫోల్డర్ నుంచే తుడవడం మొదలుపెట్టింది. ఆ లైన్ దగ్గర 'భయంగా ఉంది' అనే అర్థం వచ్చేలా కామెంట్ కూడా రాసి ఉండటం గమనార్హం.

అందుకే ఎవరి దగ్గర తెచ్చుకున్న కోడ్ అయినా ఒక్కో లైన్ ఏం చేస్తుందో తెలిశాకే రన్ చేయాలి. 'ఆర్ఎం' ఉన్న చోట ముందు 'ఎకో' పెట్టి చూస్తే, ఏవేవి డిలీట్ అవుతాయో స్క్రీన్ మీద కనిపిస్తుంది. అంతా సరిగ్గా ఉందనుకుంటేనే 'ఎకో' తీసేసి రన్ చేయాలి.